సముద్రం పక్కనే మూడు రోజులు

కారుంది. నడిపేవారున్నారు. పిల్లలకి సెలవులూ ఉన్నాయి. అయినా ఎక్కడికైనా వెళ్దామనుకోగానే "ఏ టూరు బస్సులోనో సీట్లు బుక్ చేసేద్దాం" అనేస్తాం. టూరు బస్సువాళ్లు తెల్లారకుండానే లేపుతారు. చూడాల్సిన చోట అరగంట ఆపుతారు. కాసేపు ఇసకలో కూర్చుందాం అనుకునేసరికి హారన్ మోగించేస్తారు.

ఈసారి ప్లాను మీరే వెయ్యండి. నెల ఖర్చుల లెక్క వేసేది మీరే. పెళ్లికి పాతికమంది చుట్టాలు దిగితే ఎవరికెక్కడ పక్కలు వెయ్యాలో చూసేదీ మీరే. అలాంటిది మూడు రోజుల ప్రయాణం మీకో లెక్కా? ఉదాహరణకి విశాఖపట్నం నుంచి కళింగపట్నం దాకా వెళ్లొచ్చే దారిని తీసుకుందాం. రానూ పోనూ సుమారు మూడొందల కిలోమీటర్లు. రెండు రాత్రుల బస. సముద్రం, నది, గుడి, కొండ అన్నీ ఈ దారిలోనే ఉన్నాయి.

ఒక్క సూత్రం మాత్రం మొదటే రాసిపెట్టుకోండి. చూడాల్సిన చోట్లు తక్కువ, కూర్చునే సమయం ఎక్కువ. రోజుకి మూడు చోట్లకి మించి పెట్టుకున్నారో, ఇంటికొచ్చాక మీకు గుర్తుండేది కారు సీటే!

ఎప్పుడు బాగుంటుంది?

కార్తీకం వెళ్లాక మాఘం దాకా హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని ఎలా కుదిపేసిందో, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లా కొబ్బరితోటల్ని ఎలా కూల్చేసిందో మనం మర్చిపోలేదు. డిసెంబరులోనూ తుఫాను రాదని లేదు. కాబట్టి ఏ నెలలో వెళ్లినా రెండు రోజుల ముందు వాతావరణ హెచ్చరికలు చూసుకునే బయలుదేరండి.

చలికాలంలో మన తూర్పుతీరాన సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. అందుకని చూసేవన్నీ పొద్దుటిపూటకి పెట్టుకుని, చీకటిపడే వేళకి బసకి చేరేలా చూసుకోండి. సంక్రాంతి వారంలో గదులు దొరకడం కష్టం. ముందుగానే బుక్ చేసుకోండి.

మొదటిరోజు: విశాఖ నుంచి భీమిలి

ఇది సుమారు ముప్ఫై కిలోమీటర్ల బీచ్ రోడ్డు. గంటలో వెళ్లిపోవచ్చు. కానీ మీరు రోజంతా తీసుకోండి. రామకృష్ణా బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి ఉంది. ముప్ఫై ఏళ్లకి పైగా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా మారింది. పిల్లలకి ఇది పెద్ద పండగే. లోపల దారి ఇరుకు, గుమ్మాలు చిన్నవి. మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి బయట బెంచీ, బఠాణీల పొట్లం చాలు. సోమవారం సెలవు, మర్చిపోకండి.

తర్వాత రుషికొండ. ఈ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అక్కణ్ణుంచి ఇంకాస్త ముందుకెళ్తే తొట్లకొండ. రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు ఇది. వాననీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లవల్లే కొండకి ఆ పేరొచ్చింది. నీళ్ల కరువు తెలిసిన ఇల్లాలికి ఆ తొట్లు చూస్తే ముచ్చటేస్తుంది. కారు పైదాకా వెళ్తుంది. పైనుంచి సముద్రం కనుచూపుమేరా కనిపిస్తుంది.

భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. గాలి, నీరు, కాలం కలిసి వేల ఏళ్లుగా కట్టిన ఎర్ర ఇసక గుట్టలివి. యునెస్కో తాత్కాలిక జాబితాలో 2025లో చోటు దొరికింది. ఫొటోలు తీసుకోండి, అంతేగాని గుర్తుగా అంటూ మట్టి తేకండి. అందరూ గుప్పెడు తెస్తే మన మనవలకి చూడ్డానికేం మిగలదు.

ఇన్ని చెప్పానని అన్నీ చూడాలని లేదు. మీ ఇంట్లోవాళ్ల వయసుల్నిబట్టి మూడు ఎంచుకోండి.

రెండోరోజు: భీమిలి నుంచి శ్రీకాకుళం

ఈ రోజు మాత్రం సూర్యుడికంటే ముందు లేవండి. బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది. తెల్లవారుజామున ఆ ఒడ్డు చూడాలి. వేటకెళ్లిన పడవలు తిరిగొస్తుంటాయి, చేపల బేరాలు జోరుగా సాగుతుంటాయి. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ స్థావరం పెట్టుకున్నారు. వాళ్ల పాత సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరిది.

టిఫిన్ చేసి తొమ్మిదింటికి బయలుదేరితే, పదహారో నంబరు జాతీయ రహదారి మీదుగా సుమారు ఎనభై కిలోమీటర్లు. మధ్యాహ్నం భోజనం వేళకి నిదానంగానే శ్రీకాకుళం చేరతారు. గది తీసుకుని ఓ కునుకు తియ్యండి. సాయంత్రం ఊరి చివరే ఉన్న అరసవల్లి సూర్యనారాయణమూర్తి దర్శనం. ఏటా మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని రోజులు ఉదయపు కిరణాలు నేరుగా స్వామి పాదాల్ని తాకే గుడి ఇది. ఆదివారాలు, రథసప్తమి నాడు విపరీతమైన రద్దీ. పిల్లలతో వెళ్లేవారు మామూలు రోజు చూసుకోవడం మంచిది.

మూడోరోజు: శ్రీకూర్మం, కళింగపట్నం

పొద్దున్నే శ్రీకూర్మం వెళ్లండి. శ్రీకాకుళానికి పదిహేను కిలోమీటర్ల దూరం. కూర్మావతారంలో విష్ణుమూర్తి కొలువైన గుళ్లు బహు అరుదు. స్వామి పడమటి ముఖంగా ఉండటం, గుడికి రెండు ధ్వజస్తంభాలుండటం ఇక్కడి విశేషాలు. గోడల మీద పాత రంగుల బొమ్మలు నింపాదిగా చూడండి.

అక్కణ్ణుంచి గార మీదుగా కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒకప్పుడు పెద్ద రేవు, ఇప్పుడు దీపస్తంభం, ప్రశాంతమైన ఒడ్డు. ఇక్కడ కనీసం రెండు గంటలు కూర్చోండి. మొత్తం ప్రయాణానికి ఇదే అసలు విశ్రాంతి.

తిరుగుదారిలో రెండిట్లో ఒకటి పెట్టుకోండి. వంశధార ఒడ్డున కొండమీద శాలిహుండం బౌద్ధ స్తూపాలు ఒకటి. పొందూరు రెండోది. గాంధీజీ మెచ్చుకున్న సన్న ఖాదీ అక్కడిదే. వాలుగ చేప దవడతో పత్తి దువ్వే పద్ధతి వాళ్లకే సొంతం. రెండూ చూడాలంటే రాత్రిపూట హైవే మీద రావాల్సి ఉంటుంది. అది వద్దు.

సముద్రం దగ్గర మొహమాటం వద్దు

ఇది మాత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. మన తీరంలో ఏటా ఎందరో మునిగిపోతున్నారు. వాళ్లలో చాలామంది పండగ సరదాకి వచ్చినవాళ్లే.

అలలు విరుగుతున్న చోటుల మధ్య ఒక్కచోట నీళ్లు చదునుగా, నెమ్మదిగా కనిపిస్తాయి. "ఇక్కడ అలలు లేవు" అని పిల్లల్ని అక్కడే దింపుతాం. ఒడ్డుకొచ్చిన నీళ్లు వెనక్కి పోయే దారి తరచు అదే. ఈతగాణ్ణి కూడా లోపలికి లాగేస్తుంది. అందులో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదుతూ ఆ లాగుడు దాటాక ఒడ్డుకి రావాలి. ఒకరు కొట్టుకుపోతుంటే ఇంకొకరు దూకడం వల్లే ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోతున్నారు. తాడో, ఖాళీ డబ్బానో విసరండి. కాపలావాళ్లనీ, పక్కనున్న జాలరులనీ కేకెయ్యండి.

నదులు కలిసే చోట నీళ్లలోకి అసలు దిగొద్దు. పౌర్ణమి, అమావాస్యలకి పోటు ఎక్కువ. వంటింటి గోడమీది క్యాలెండరు చూసే తేదీలు పెట్టుకోండి. తడిసిన చీర బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది. మీరు మోకాళ్ల లోతు దాటొద్దు. పిల్లల చెయ్యి ఎవరు పట్టుకోవాలో ముందే పేర్లు పెట్టి చెప్పండి. "అందరూ చూస్తున్నారులే" అంటే ఎవరూ చూడటంలేదనే అర్థం.

మంచినీళ్లు మానకండి

ప్రయాణమంటే ఆడవాళ్లం చేసే మొదటి పని మంచినీళ్లు మానెయ్యడం. "మధ్యలో ఎక్కడికెళ్తాం?" అన్న భయం. సాయంత్రానికి తలనొప్పి, రెండ్రోజులకి మూత్రంలో మంట. దీనికి మందు కూడా ప్లానులోనే ఉంది. రెండు గంటలకోసారి ఆగాలని ముందే చెప్పెయ్యండి. హైవే మీది పెట్రోలు బంకులు, కాస్త పెద్ద హోటళ్లు గుర్తుపెట్టుకోండి. కారు నడిపేవారికీ ఆ విశ్రాంతి అవసరమే.

వంటిల్లు కారెక్కకూడదు

మొదటిరోజు మధ్యాహ్నానికి పులిహోర, చపాతీలు, ఓ పచ్చడి సీసా చాలు. తర్వాత ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి తిండే. పొద్దున్న పొగలు కక్కే ఇడ్లీ, సాయంత్రం బీచ్‌లో మురీ మిక్స్చర్, చలికాలమైతే గేగులు. స్టవ్వు, కుక్కరు తెస్తే ఆ మూడు రోజులూ మీరు సముద్రానికి వీపు పెట్టి గిన్నెలు తోముకోవాల్సిందే.

బయలుదేరే ముందు

* కారు టైర్లు, స్టెప్నీ, బ్రేకులు చూపించాలి. ఫాస్టాగ్‌లో డబ్బుండాలి.
* అటూ ఇటూ తిరుగుళ్లతో కలిపి 350 కిలోమీటర్లు అనుకోండి. లీటరుకి 15 ఇచ్చే కారైతే సుమారు 24 లీటర్ల పెట్రోలు.
* పెద్దవాళ్ల బీపీ, షుగరు మాత్రలు రెండ్రోజులకి ఎక్కువగానే. ఓఆర్ఎస్ పొట్లాలు, దూది, వాంతుల మాత్రలు.
* పాత దుప్పటి, తువ్వాళ్లు, చెత్త వేసుకోవడానికో సంచి.
* అత్యవసరానికి 112, అంబులెన్సుకి 108, హైవే మీద సాయానికి 1033. ఫోనులోనే కాదు, కాగితం మీదా రాసుకోండి.
* వెళ్లే దారి, దిగే చోట్లు రాసిన కాగితం ఊళ్లో ఉండే ఒకరికివ్వండి.

చివరగా ఒక్క మాట. ప్లాను కాగితంలో అత్తగారి మందుల వేళ ఉంటుంది, పిల్లల ఐస్‌క్రీమ్ ఉంటుంది, శ్రీవారి టీ ఉంటుంది. రోజుకో గంట మీ పేరు మీద కూడా రాయండి. ఆ గంట పిల్లల్ని వాళ్ల నాన్న చూసుకుంటారు. మీరు ఇసకలో కాళ్లు చాపుకుని కూర్చుంటారు. ఆ సంగతి బయలుదేరే ముందే ఆయనకి చెప్పి, ఒప్పించి మరీ కారెక్కండి!