సొట్ట బిందె

పాత ఇత్తడి బిందె బేరం ఇంకా తెగకముందే, "పాలిష్ కొట్టించి ఇయ్యాల్నా సార్? కొత్తదాని లెక్క మెరుస్తది" అంటాడు అమ్మేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లుమంట. మెరవాలంటే కొత్తదే కొనుక్కుంటాను గదా, గురువారం పూట పురానాపూల్ దాకా వెళ్లి జుమ్మేరాత్ బజారు దుమ్ములో గొంతుక్కూర్చోవడం దేనికి?

పాలిష్ చక్రానికి ఆనిస్తే చిలుము ఒక్కటే పోదు. పేర్లు కూడా పోతాయి. మన సామాను మీది పేర్లు ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? ఉలి మొనతో చుక్క పక్కన చుక్క. ఇంటిపేరు పొడి అక్షరం, పెట్టినవారి పేరు, పెళ్లి తేదీ. 'లక్ష్మి' దగ్గరికొచ్చేసరికి పాపం చుక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. చోటు చాలక ఆఖరి అక్షరం బిందె మెడ ఎక్కేస్తుంది. మా గుండిగ మీద 'చి.సౌ.' తర్వాత పేరంతా అరిగి 'మ్మ' ఒక్కటే మిగిలింది. సుబ్బమ్మో, నరసమ్మో, ఎవరైతేనేం! ఆవిడ ఇప్పుడు మా వంటింటి మనిషే.

ఇక సొట్టలు. బావి గట్టుకి కొట్టుకున్న సొట్ట పొట్ట మీద ఉంటుంది, చేయి జారి పడ్డ సొట్ట అడుగున ఉంటుంది. తూకానికి అమ్మే సరుకు కాబట్టి కాటా మీద సొట్టకీ నునుపుకీ ధర ఒకటే. కానీ సొట్ట ఉన్న బిందె చంకన కుదురుగా కూర్చుంటుంది. అజ్జరంలోనో బుడితిలోనో కొట్టినవాడు గుండ్రంగా ఇస్తే, వాడినవాళ్లు దాన్ని తమ నడుముకి సరిచేసుకున్నారు.

లోపల కళాయి పోయిందంటారా, వేయించుకోవచ్చు. బొగ్గుల మీద గిన్నె కాల్చి, నవసాగరం చల్లి, తగరం రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా వెండి వెన్నెల. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది గనక అరుగు పక్కన చిన్న కొలిమి చాలేది. ఆ పని చేసేవాళ్లు మా వీధికి రావడం ఎప్పుడో మానేశారు. రాకపోవడానికి కారణం మా పెద్దత్తయ్యలాంటి వాళ్లే. రెండు బిందెలూ ఒక గంగాళమూ స్టీలు సామానువాడి చేతిలో పెట్టి, డజను గ్లాసులూ ఒక టిఫిన్ క్యారియరూ పుచ్చుకుంది. పైగా లాభం వచ్చిందని ఊరంతా చెప్పుకుంది! గంగాళంలో మేం ముగ్గురం పిల్లలం కూర్చుని స్నానం చేసేవాళ్లం. ఆ గ్లాసుల్లో ఏం చేస్తాం? స్టీలుకి సొట్ట పడితే సొట్టే, అందం రాదు. ఆవిడతో ఈ గొడవ ఇంకా తెగలేదు.

ఆవిడ ఇవ్వకుండా దాచుకున్నది మరచెంబు ఒక్కటే. రైలు ప్రయాణానికి ఇంటి నీళ్లు అందులోనే. పై బెర్తు మీంచి పడినా చుక్క కారేది కాదు. అలాంటిది నాకూ కావాలని బజారంతా తిరిగితే అన్నీ మూతల్లేని చెంబులే. చేత్తో కోసిన మర కదా, ఒకదాని మూత ఇంకోదానికి పట్టి చావదు. అందుకని ఇప్పుడు ఒక చెంబు సంచిలో వేసుకుని మూతల కోసం తిరుగుతున్నాను. మీ అటక మీద జత లేని మూత ఏదైనా ఉంటే పారేయకండి. తోమకండి కూడా.