కనిపించని రేకు

దోర్నాల దాటి నల్లమల ఘాట్ ఎక్కడం మొదలైన ఇరవై నిమిషాలకే అంబాసిడర్ ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. వెనక సీట్లో 84 ఏళ్ల తల్లి, పక్కన భార్య. బయట 2024 మే నెల ఎండ. రేడియేటర్ మూత మీద తడిగుడ్డ వేసి తిప్పబోయిన మాస్టారిని వెనకే వచ్చిన జీపు డ్రైవరు కేకేసి ఆపాడు. నిజానికి ఆ పాఠం ఆయన పిల్లలకు పాతికేళ్లు చెప్పిందే. మూత బిగించి ఉన్నంతసేపు ఒత్తిడి వల్ల నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు. ఒత్తిడి చదరపు అంగుళానికి 15 పౌండ్లుంటే సుమారు 120 డిగ్రీల దాకా ఆగుతాయి. మూత తీసిన క్షణంలో అన్నీ ఒక్కసారి మరిగి మొహాన పడతాయి. గంటన్నర సేపు తల్లి కల్వర్టు మీద కూర్చుంది. శ్రీశైలం దర్శనం జరగలేదు.

నరసరావుపేటలో రిటైరైన ఆ సైన్సు మాస్టారికి కారంటే కారు కాదు, తండ్రి. 1984లో ఆయన కొన్న మార్క్ 4 అది. 1489 సీసీ పాత ఇంజను అలిసిపోయాక 1996లో, రవాణా శాఖ అనుమతితో, హిందుస్థాన్ మోటార్స్ వారే అంబాసిడర్లో వాడుతున్న 1817 సీసీ ఇసుజు ఇంజను, అయిదు గేర్ల బాక్సు వేయించారు. ఇవాళైతే అంత తేలిక కాదు. తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఆ తర్వాత కొన్నేళ్లకు కారులో ఏసీ కూడా చేరింది. ఇంజను దింపి బిగించింది ఊళ్లోని మేస్త్రి. కొత్త ఇంజనుకు సరిపడేలా ఫ్యాను చుట్టూ రేకు తొడుగు కత్తిరించి, వంచి, చేత్తో తయారు చేసిందీ ఆయనే. అప్పటినుంచీ ఆ కారు మీద మరొకరి చెయ్యి పడలేదు. కనీసం మేస్త్రి అలాగే అనుకున్నాడు.

2023 వేసవిలో బజారు ట్రాఫిక్‌లో ముల్లు పైకి పోవడం మొదలైంది. మేస్త్రి షెడ్డులో కుర్రాళ్లు ముందు థర్మోస్టాట్ తీసేశారు. తగ్గలేదు. వాటర్ పంపు మార్చారు. కొన్నాళ్లు తగ్గినట్టే అనిపించింది, చలికాలం వచ్చింది కనక. 2024 ఫిబ్రవరిలో హెడ్ దించి గ్యాస్కెట్ మార్చారు. మొత్తం 18 వేలు అయ్యాయి. మూడు నెలలకు దోర్నాల ఘాట్.

తిరిగొచ్చిన రోజు సాయంత్రం మాస్టారు షెడ్డు ముందు నిలబడి అన్న మాటలు వీధిలో చాలామంది విన్నారు. "ముప్పై ఏళ్లు నమ్మినందుకు నిలువునా దోచుకున్నావు. మా అమ్మ ఆ అడవిలో పోయుంటే ఏం చేసేవాడివి?" మేస్త్రి మారు మాట్లాడలేదు. గ్యాస్కెట్ తాలూకు డబ్బులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మాస్టారు తీసుకున్నారు.

ఆ పైన కారు విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లింది. అక్కడ ఇంజను చప్పుడు విని, బోరుకొచ్చిందన్నారు. 70 వేలు అవుతుందన్నారు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు లెక్క అంతకన్నా సూటిగా ఉంది. "2014లో తయారీ ఆగిపోయిన బండి నాన్నా. రీ-రిజిస్ట్రేషన్‌కు 600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. తుక్కుకి ఇచ్చేయండి."

మాస్టారు తుక్కుకే సిద్ధపడి ఇంటికి బయల్దేరారు. పొదుపు కోసం ఏసీ కట్టేశారు. హైవే మీద 60, 70 కిలోమీటర్ల వేగం. ఎండ నిప్పులు చెరుగుతున్నా ముల్లు మధ్యలో నిలబడి కదల్లేదు. గుంటూరులో సిగ్నల్ దగ్గర ఆగగానే పైకి పాకింది. ఊరు దాటి వేగం అందుకోగానే దిగింది. బోరుకొచ్చిన ఇంజనుకు హైవే, సిగ్నల్ అన్న తేడా ఎందుకుంటుంది? ఇంకా చెప్పాలంటే, రేడియేటర్ లోపల మట్టి పేరుకుని నీళ్లు సరిగా తిరగకపోతే హైవే మీద బరువు లాగేటప్పుడే ఎక్కువ హీటెక్కాలి. ఇక్కడ జరుగుతున్నది తలకిందులు. బండి పరిగెడుతుంటే గాలి దానంతటదే వస్తుంది. నిలబడితే, లేదా ఘాట్‌లో సెకండ్ గేరులో నెమ్మదిగా ఎక్కుతుంటే గాలి లాగాల్సింది ఫ్యానే. అంటే తేడా నీళ్లలో లేదు, గాలిలో ఉంది.

సత్తెనపల్లి దగ్గర టీ కొట్టు ముందు కారాపి బానెట్ ఎత్తారు మాస్టారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. దాని చుట్టూ ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది, తను మరిచిపోవాలనుకున్న సంగతి.

2022లో రేడియేటర్ కారింది. పాతదాన్నే విప్పి బాగుచేయడానికి మేస్త్రి నాలుగు రోజులు అడిగాడు. అదే వారం పెళ్లికి విజయవాడ వెళ్లిన మాస్టారు ఒక షాపులో కొత్తది వేయించేశారు. 1,500 ఆదా, పూటలో పని. పాతదానికన్నా మందంగా ఉండటంతో రేకు తొడుగు రంధ్రాలు కలవలేదు. షాపువాళ్లు దాన్ని విప్పి డిక్కీలో పెట్టారు. ఊరొచ్చాక "ఈ రేడియేటర్ ఎక్కడిది మాస్టారూ?" అని మేస్త్రి అడిగితే, మొహమాటం కొద్దీ, "పాతదే, రంగు వేయించాను" అన్నారు. మేస్త్రి మళ్లీ అడగలేదు. హెడ్‌మాస్టరు అబద్ధం చెబుతాడని ఎవరనుకుంటారు?

ఆ తర్వాత అందరూ కారులో ఉన్న భాగాలనే చూశారు. ఉన్నవాటినే మార్చారు. ప్రభుత్వంలో ఒక్కో శాఖ తన ఫైలునే తిరగేసినట్టు, ఎవరి రిపేరుకు వారికి బిల్లుంది. లేనిదాన్ని చూడాలంటే అది ఉండేదని తెలియాలి. తెలిసినవాడు చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు షెడ్డుకు నడిచి వెళ్లారు. కారు తీసుకెళ్లలేదు. జరిగింది జరిగినట్టు చెప్పారు. మేస్త్రి చాలాసేపు బీడీ కాల్చి, "కారు తెప్పించండి" అన్నాడు. కంటి శుక్లాల ఆపరేషన్ అయినప్పటినుంచీ పని కుర్రాళ్లకు వదిలేసి కుర్చీలో కూర్చుంటున్న మనిషి ఆ రోజు తనే వంగాడు. చల్లటి ఇంజను మీద మూత తీసి స్టార్ట్ చేయించాడు. నీళ్లలో బుడగలు లేవు, కనక గ్యాస్కెట్ బాగానే ఉంది. కింది హోసు నొక్కి చూశాడు, లోపలికి పీల్చుకుపోవడం లేదు. ఏసీ వేయించి, రేడియేటర్ ముందున్న ఏసీ కండెన్సర్‌కు ఒక దినపత్రిక కాగితం ఆనించాడు. ఫ్యానుకు ఎదురుగా అతుక్కుంది. అంచుల్లో వేలాడింది. అంటే ఫ్యాను మధ్యలోంచి మాత్రమే గాలి లాగుతోంది, రెక్కల చివర్ల నుంచి ఇంజను వేడిగాలే మళ్లీ ముందుకొచ్చి తిరుగుతోంది. అట్టపెట్టె చింపి ఫ్యాను చుట్టూ తొడుగులా పట్టించాడు. ఈసారి కాగితం అంచులదాకా అతుక్కుంది. పది నిమిషాలకు ముల్లు దిగింది.

డిక్కీలో స్టెప్నీ కింద, కాగితం చుట్టి, పాత రేకు అలాగే ఉంది. మేస్త్రి దాన్ని రెండువైపులా కత్తిరించి కొత్త రంధ్రాలు వేశాడు. తీసేసిన థర్మోస్టాట్ కూడా మళ్లీ పెట్టించాడు. "నేనూ చూడాల్సింది మాస్టారూ. పిల్లలు ఈ రేకు ఎప్పుడూ చూళ్లేదు. నేను చూసినవాణ్ని" అన్నాడు. 300 అడిగి తీసుకున్నాడు. గ్యాస్కెట్ డబ్బులు మాస్టారు తిరిగి ఇవ్వబోతే మాత్రం చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

ఆ ఏడాది కార్తీకంలో కారు దోర్నాల ఘాట్ ఎక్కింది. తల్లికి దర్శనమైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 చేసినా, కట్టడానికే నిశ్చయించుకున్నారు మాస్టారు. కొడుకు నవ్వి ఊరుకున్నాడు. సర్వీసింగ్ మళ్లీ ఆ షెడ్డులోనే జరుగుతోంది. పనయ్యాక కారు ఇంటికి తెచ్చి ఇచ్చేది మేస్త్రే. ఇదివరకైతే వరండాలో కూర్చుని కాఫీ తాగి వెళ్లేవాడు. ఇప్పుడు తాళాలు గోడ మీద పెట్టి, గేటు దగ్గరినుంచే వెళ్లిపోతున్నాడు. మాస్టారి భార్య మాత్రం ప్రతిసారీ రెండు గ్లాసుల కాఫీ కలుపుతూనే ఉన్నారు.