అమ్మీ కూడా రావాలంటే

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్‌తో బంధం లేని వీధులు తక్కువ. ఎవరైనా బయలుదేరితే శంషాబాద్ దాకా ఇంటిల్లిపాదీ వెంట వెళ్తారు. ఈసారి తమ్ముడు, సిరిసిల్లలో ఉండే దుల్హాభాయ్ కలిసి దుబాయ్ వెళ్తున్నారు. ఒక్కొక్కరికి 30 కిలోల సామాను. మాది ఏడు సీట్ల ఎస్‌యూవీ. మూడో వరుసలో మనుషులు కూర్చుంటే వెనుక సూట్‌కేసులకు చోటుండదు. అవి పైకెక్కితేనే అమ్మీ విమానాశ్రయం వరకు రాగలరు.

కోరుట్ల దుకాణంలో తమ్ముడికి ఇనుప క్యారియర్ నచ్చింది. "గట్టిగా ఉంది, ఇదే తీసుకుందాం భాయ్‌జాన్" అన్నాడు. బరువు అడిగితే 30 కిలోలన్నారు. మా బండితో వచ్చిన పుస్తకం ప్రకారం పైకప్పు మోయగలిగేది 75 కిలోలు. క్యారియర్ బరువూ అందులోనిదే. ఇనుపది పెడితే సామానుకు మిగిలేది 45. అల్యూమినియం కడ్డీల జత 6 కిలోలే కనుక 69 మిగులుతుంది. లెక్క విన్నాక తమ్ముడు వాదించలేదు.

పైకప్పుకు రంధ్రాలు వేసి బిగిస్తే కదలదన్నాడు మెకానిక్. నేను ఒప్పుకోలేదు. రంధ్రం చుట్టూ రంగు లేచి తుప్పు పడుతుంది, వానాకాలంలో నీరు దిగుతుంది. కంపెనీ రెయిళ్లు ఉండగా క్లాంపులు చాలు. అయితే కొన్ని బండ్ల రెయిళ్లు కేవలం అలంకారానికి అతికించినవి. వాటిపై భారం మోపరాదు.

పైన బరువుంటే మలుపుల్లో బండి ఎక్కువగా ఒరుగుతుంది. అందుకే నిదానంగా నడిపాను. సిరిసిల్లలో దుల్హాభాయ్ సూట్‌కేసు ఎక్కించేటప్పుడు బోల్టులన్నీ మళ్లీ బిగించాను. ఒకటి కాస్త సడలింది. ఆవకాయ డబ్బాను మాత్రం అమ్మీ పైకెక్కించనివ్వలేదు, ఒడిలోనే ఉంచుకున్నారు.