విప్పడానికి వీలుగా బిగిద్దాం

కొత్త ఊరికి వచ్చాక అట్టపెట్టెలన్నీ ఎప్పటికి ఖాళీ అవుతాయో బదిలీల ఇళ్ళ పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. వంటగిన్నెలు, యూనిఫారాలు మొదటిరోజే బయటికి వస్తాయి. పుస్తకాల అర, గోడగడియారం, తాతగారి ఫొటో మాత్రం “తర్వాత చూద్దాం” దగ్గర ఆగిపోతాయి. “రెండు మూడేళ్ళలో ఎలాగూ వెళ్ళిపోతాం కదా, ఇప్పుడివన్నీ ఎందుకు?” అని పెద్దలంటే పిల్లలూ అదే నేర్చుకుంటారు. విప్పని పెట్టెలతోనే మరో ఊరికి బయల్దేరిన కుటుంబాలను మేము చూశాం.

మా ఇంట్లో ఈ “తర్వాత చూద్దాం”ను మాన్పించింది ఒక చిన్న పనిముట్టు. చేతిలో ఇమిడే, తీగ లేని స్క్రూడ్రైవర్. జోధ్‌పూర్, సిల్చర్ తిరిగి ఇప్పుడు అండమాన్‌లోని ఆస్టినాబాద్‌కు, మా అద్దె ఇంటికి, మాతోపాటు వచ్చింది. విశాఖపట్నం నుంచి ఇక్కడికి సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు. ఇంత దూరం మంచాన్ని, బల్లను అలాగే మోయించడం కంటే విప్పి పలకలుగా కట్టడం తేలిక. చేత్తో తిప్పే స్క్రూడ్రైవరుతో ఒక మంచం విప్పేసరికి అరచేయి కందిపోయేది. ఇప్పుడు మేము పక్కనుంటే తొమ్మిదేళ్ళ మా అమ్మాయి కూడా ఆ పని చేస్తుంది.

దీని లోపల ముఖ్యమైనవి మూడు: బ్యాటరీ, చిన్న మోటారు, పళ్ళచక్రాలు. మోటారు చాలా వేగంగా తిరుగుతుంది, కానీ బలం తక్కువ. పళ్ళచక్రాలు వేగాన్ని తగ్గించి, తిప్పే బలాన్ని పెంచుతాయి. గేర్లున్న సైకిలు మీద ఎత్తు ఎక్కడం ఇలాంటిదే. తీగ లేని డ్రిల్లును బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ 1961లో తెచ్చింది. 1971లో అపోలో 15 వ్యోమగాములు చంద్రుడి నేలలో రంధ్రాలు చేసింది కూడా బ్యాటరీ డ్రిల్లుతోనే. 1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీలను అమ్మకానికి తెచ్చింది. పనిముట్లు అరచేతిలోకి రావడానికి ఆ బ్యాటరీలే ముఖ్య కారణం. వాటికి దారి వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

పనిముట్టు ఒకటే అయినా ప్రతి ఊరూ ఒక కొత్త పాఠం చెబుతుంది. జోధ్‌పూర్ ఎండగాలికి కర్ర ఆరి కుంచించుకుపోయేది. కుర్చీ స్క్రూలు వాటంతటవే వదులయ్యేవి. ఇక్కడ అందుకు వ్యతిరేకం. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ వాన కురిపిస్తాయి. తలుపులు ఉబ్బి పట్టేస్తాయి. ఉప్పుగాలికి మామూలు ఇనుప స్క్రూలు త్వరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన స్క్రూ బదిలీ రోజున ఊడిరాదు. అందుకని ఇక్కడ స్టెయిన్‌లెస్ స్టీలువే కొంటాం. బిగించే ముందు ప్రతి స్క్రూకు కాస్త వాసెలిన్ రాస్తాం.

మీరూ నేర్చుకోదగ్గ పద్ధతులు కొన్ని ఉన్నాయి. ప్లస్ గాడి స్క్రూలను అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ ప్రచారంలోకి తెచ్చారు. ఆయన పేటెంట్లు 1936 నాటివి. ఆ గాడిలో సరిపోయే కొలత బిట్టునే పెట్టాలి. చిన్న బిట్టు పెడితే జారి, గాడిని అరగదీస్తుంది. మొదటి రెండు చుట్లు చేత్తోనే తిప్పాలి. పాత రంధ్రంలోకి స్క్రూ పెట్టేటప్పుడు ముందు ఎడమవైపు నెమ్మదిగా తిప్పితే, పాత మర కలిసినచోట చిన్నగా ‘టిక్’మంటుంది. అక్కడినుంచి కుడివైపు తిప్పాలి. ఇలా చేస్తే పాత మర చెడదు. కర్రలో రంధ్రం వదులైపోతే తల తీసేసిన అగ్గిపుల్లలు రెండు ఫెవికాల్‌లో ముంచి అందులో దూర్చి, పూర్తిగా ఆరాక బిగిస్తే మళ్ళీ గట్టిగా పడుతుంది.

స్విచ్‌బోర్డు జోలికి మాత్రం పిల్లలు వెళ్ళకూడదు. అది మెయిన్ ఆపి పెద్దలు చేయవలసిన పని. కాంక్రీటు గోడలో రంధ్రం చేయడం ఈ చిన్న పనిముట్టు వల్ల కాదు. గోడకు కొత్తగా మేకు కొట్టాలంటే ఇంటివాళ్ళ అనుమతీ కావాలి. అందుకే మా అరను గోడకు తగిలించేలా కాక నేల మీద నిలబడేలా చేసుకున్నాం.

విమానంలో వెళ్ళేటప్పుడు స్క్రూడ్రైవర్‌ను చేతిసంచిలో పెట్టనివ్వరు. స్విచ్ పొరపాటున నొక్కుకోకుండా కట్టి, చెకిన్ సామానులో ఇవ్వాలి. విడి లిథియం బ్యాటరీలు ఉంటే అవి మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. మామూలుగా అనుమతించే పరిమితి 100 వాట్-అవర్లు. 3.6 వోల్టులను 1.5 ఆంపియర్-అవర్లతో గుణించి చూడండి. మా బ్యాటరీ 5.4 వాట్-అవర్లే.

స్క్రూకు తెలుగులో మరమేకు అని పేరు. మామూలు మేకును పీకితే కర్ర చీలవచ్చు, మేకు వంగవచ్చు. మరమేకు వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది. మనలాంటి ఇళ్ళకు కావలసింది అదే. వెళ్ళిపోతామని తెలిసి కూడా గట్టిగానే బిగించవచ్చు, ఊడదీసేటప్పుడు దేన్నీ పాడుచేయనక్కర్లేదు.

మా పుస్తకాల అరకు పద్దెనిమిది స్క్రూలు. విప్పిన రోజున వాటిని ఒక చిన్న సంచిలో వేసి, ఏ పలకవో రాసి, ఆ పలకకే టేపుతో అంటిస్తాం. సంచి మీద రాసే పని మా అమ్మాయిది. సిల్చర్‌లో “పుస్తకాల అర, పై పలక” అని తెలుగులో రాసింది. ఇక్కడ ఆ చీటీ చదువుకుంటూ తనే మళ్ళీ బిగించింది. మీ ఇంట్లో ఇంకా విప్పని పెట్టె ఏదైనా ఉంటే, ఈ ఆదివారం అమ్మానాన్నలను కూర్చోబెట్టుకుని ముందు దాన్ని తెరవండి.