మమ్మీ నడక, మా నాయిన నడక

జహీరాబాద్‌లో మా ఇల్లు హైవేకి దగ్గర. రాత్రంతా బొంబాయి వైపు పోయే లారీల మోత. నిద్ర పట్టక ఫోన్‌లో పాత హాలీవుడ్ మమ్మీ సినిమాలు చూడటం మొదలుపెట్టాను. 1999లో వచ్చిన కలర్ మమ్మీ కాదు, దాని తాతలు. అన్నీ బ్లాక్ అండ్ వైట్.

మొదటి 'ది మమ్మీ' 1932లో వచ్చింది. బోరిస్ కార్లాఫ్ చేశాడు, సినిమా బాగుంటుంది. తర్వాత 1940 నుంచి 1944 దాకా యూనివర్సల్ వాళ్లు తక్కువ ఖర్చులో ఇంకో నాలుగు తీశారు. ఒక్కోటి గంటకి కాస్త అటూ ఇటూ. వీటిలో మమ్మీ వేరే, పేరు ఖారిస్. కథ మాత్రం ప్రతిసారీ దాదాపు ఒకటే. తనా ఆకుల కషాయం పడితే లేస్తాడు, గొంతులు పిసుకుతాడు, చివర్లో మంటల్లోనో బురదలోనో పోతాడు. మళ్లీ వస్తాడు.

వాళ్ల పొదుపు చూస్తే నవ్వాగదు. 1940 సినిమాలో 1932 నాటి సీన్లు అతికించారు. 1942 సినిమా మొదట్లో చాలాసేపు 1940 సినిమానే మళ్లీ చూపిస్తారు. ఇక మూడో భాగంలో మసాచుసెట్స్ బురదలో మునిగినవాడు నాలుగో భాగంలో లూసియానా బురదలోంచి బయటపడతాడు! జహీరాబాద్ చెరువులో మునిగి కాకినాడలో తేలినట్టు. ఎట్లా వచ్చాడో ఒక్క ముక్క చెప్పరు.

పైగా ఖారిస్ పరిగెత్తలేడు. ఒక కాలు ఈడ్చుకుంటూ వస్తాడు. అయినా అందరూ దొరికిపోతారు.

ఒక రాత్రి అది చూసి పగలబడి నవ్వుతున్నా. వెనకాల వరండాలో చెప్పు నేలకి రాసుకుంటున్న చప్పుడు. నాయిన నీళ్లకి లేచాడు. ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చింది. అప్పటి నుంచి గల్లీ దాటలేదు. పిల్లలు తన కాలు చూస్తారని.

నవ్వు ఆగిపోయింది. ఫోన్ బోర్లా పెట్టేశాను.

"ఏంది బిడ్డా, దాస్తున్నవ్?"

చూపించక తప్పలేదు. పక్కన కూచుని కాసేపు చూశాడు.

"గీడు నా లెక్కనే నడుస్తుండు గద."

నాకేం అనాలో తెలియలేదు. మాట మార్చడానికి, ఆ కట్ల కింద ఉన్నది లాన్ చేనీ జూనియర్ అని చెప్పాను. మూకీల కాలంలో వాళ్ల నాన్న పెద్ద నటుడు. కొడుకేమో మూడు సినిమాలు ఈ కట్లలోనే నడిచాడు. మొహం సరిగ్గా కనబడదు. కథలో నాలుక కోసేశారు కాబట్టి డైలాగూ లేదు. ఉన్నదల్లా నడకే.

నాయిన ఏం అనలేదు. చివర్లో ఖారిస్ బురదలోకి దిగిపోయాడు.

"సచ్చిండా?"

"లేదు నాయినా, ఇంకో పార్ట్ ఉంది."

"అయితే పెట్టు."