కాశీబుగ్గలో రేకు ధర

పలాస పేరు చెప్పగానే అందరికీ జీడిపప్పే గుర్తొస్తుంది. పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గ బజారులో ఆ జీడిపప్పు కొట్లతో పాటు ఇనుప సామాన్ల కొట్లూ ఉన్నాయి. గోడకు చేరేసిన నీలం, ఎరుపు, ఆకుపచ్చ రేకులు, కింద పైపుల కట్టలు, బల్ల మీద స్క్రూల పొట్లాలు. చుట్టుపక్కల ఉద్దానం ఊళ్ళవాళ్ళు ఇల్లు కప్పుకోవడానికి ఇక్కడికి వస్తారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఈ పక్కనే తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకూలాయి, ఇళ్ళ మీది రేకులు ఎక్కడెక్కడో వెళ్ళి పడ్డాయి. ఇక్కడ ఇంటి కప్పు గురించి ఎవరితో మాట కలిపినా రెండో మాటకే తిత్లీ వస్తుంది.

కొట్లో ఒక నడివయసు ఆవిడ, ఆమె కొడుకు బేరం చేస్తున్నారు.

"అడుగు ఎంత బాబూ?"

"తొంభైది ఉందమ్మా, నూట ముప్పైది ఉంది. ఏది కావాలి?"

"రెండూ ఒక్కలాగే ఉన్నాయి గదా! ఆ నలభై ఏటికి ఎక్కువ?"

ఆ ప్రశ్నకు కొట్టతను "క్వాలిటీ అమ్మా" అని ఊరుకున్నాడు. కళ్ళతో చూస్తే ఆమె అన్నది నిజమే. రెండింటికీ అదే రంగు, అదే మెరుపు, అవే కాలవలు. అంచు మీద గోరు ఆనించి చూసినా తేడా పట్టుకోవడం కష్టం. ఒకటి 0.35 మిల్లీమీటర్ల మందం, రెండోది 0.5. పదేసి అడుగుల రేకులు రెండిటినీ కాటా మీద పెట్టించమని అడిగాను. పలచటిది పది కిలోల దగ్గర ఆగింది, మందంది పద్నాలుగు దాటింది. రేకును అడుగుల్లో అమ్ముతున్నారు గానీ మనం నిజానికి కొంటున్నది ఇనుము. కిలో 90, 95 రూపాయల లెక్కన చూసుకుంటే ఆ నలభై ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. ఇంటికి ఇరవై రేకులు పడితే తేడా ఎనిమిది వేలు. రోజు కూలి మీద బతికే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. పలచటి రేకు కొన్నవాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ ఆ తేడా ఏమిటో చెప్పకుండా అమ్మడం మాత్రం అన్యాయమని గట్టిగా అంటాను.

అడగవలసినవి ఇంకా ఉన్నాయి. 0.5 అన్నది ఉట్టి ఉక్కు మందమా, పూతా రంగూ కలిపిన మందమా? మూడున్నర అడుగుల వెడల్పు అని డబ్బు తీసుకుంటారు, కానీ పక్క రేకు మీద ఒక కాలవ ఎక్కించి బిగించాలి గనుక కప్పేది అంతకన్నా తక్కువే. అది లెక్కలో వేసుకోకపోతే చివర్లో ఒకటి రెండు రేకులకు మళ్ళీ బజారుకు రావాలి, మళ్ళీ బండి కిరాయి ఇవ్వాలి. చెప్పిన ధరలో 18 శాతం జీఎస్టీ ఉందో లేదో బిల్లు రాసేటప్పుడు కాదు, బేరం మొదట్లోనే తేల్చుకోవాలి.

మర్నాడు నువ్వలరేవు దారి పట్టాను. సముద్రం దగ్గర పడేకొద్దీ రేకుల రంగు మారిపోతూ వచ్చింది. కోసిన అంచుల దగ్గరా, స్క్రూ దిగిన చోటా ముందు తుప్పు మొదలవుతుంది. అక్కడ లోపలి ఉక్కు బయటపడి ఉంటుంది, ఉప్పుగాలి దాన్నే పట్టుకుంటుంది. ఉక్కును కాపాడేది పైరంగు కన్నా దాని కింద ఉన్న జింకు పూత. చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల పూత అన్నదే రేకు ఆయుష్షు. జింకులో అల్యూమినియం కలిపిన పూత ఈ గాలికి ఇంకా బాగా ఆగుతుంది. కాశీబుగ్గలో బేరమాడినవాళ్ళెవరూ పూత సంగతి అడగగా నేను వినలేదు.

దారిలో ఒక ఇంటి మీద పని జరుగుతోంది. మేస్త్రీ కిందకు దిగి మంచినీళ్ళు తాగుతూ చెప్పాడు: "తిత్లీకి రేకు చిరగలేదండి, స్క్రూ ఊడిపోనాది. పైపుకీ పైపుకీ మూడడుగులు పెట్టమంటాను, ఐదు పెట్టమంటారు. పైపు ఖరీదు గదా!" అతను చూపించిన చోట చూరు వెంట ప్రతి కాలవ గట్టు మీదా ఒక స్క్రూ, దాని కింద నల్లటి రబ్బరు వాషరు. మధ్యలో ఒకటి విడిచి ఒకటి. గాలి ముందు చూరునూ, మూలలనూ, కొప్పునూ లేపుతుంది, అందుకని అక్కడ స్క్రూలు దగ్గరదగ్గరగా పడాలి. ఒక్కో స్క్రూ నాలుగైదు రూపాయలు. ఇల్లంతటికీ రెండు వేలు పెడితే చాలు, కానీ ఎక్కువమంది చెయ్యి బిగించేది ఆ రెండు వేల దగ్గరే. రేకుల ధర మీద గంటసేపు బేరమాడినవాళ్ళు స్క్రూల సంగతి మేస్త్రీకి వదిలేస్తారు. మేస్త్రీ గుత్తకు ఒప్పుకున్నవాడైతే ఎన్ని వేస్తాడో చెప్పనక్కరలేదు.

ఈ తీరంలో పూర్వం తాటాకు చుట్టిళ్ళు కట్టేవారు. గుండ్రటి గోడ, శంకువులాంటి కప్పు, నేలకు వంగిన చూరు. గాలి పట్టుకుని లేపడానికి దానికి విశాలమైన ముఖమే ఉండదు. రేకు వచ్చాక ఇల్లు చదరమైంది, కప్పు రెండు వాలులైంది, వర్షానికి చూరు బయటకు చాచింది. గాలికి ఎక్కడ చెయ్యి వెయ్యాలో మనమే చూపించినట్టయింది. అందరూ చుట్టిళ్ళకు తిరిగిపోవాలని అనడం లేదు. ఏటేటా ఆకు మార్చుకోవడానికి మనుషులూ దొరకరు, ఆకూ దొరకదు. నాలుగు వైపులా వాలు పెట్టి చూరు కురచ చేస్తే రేకుల ఇల్లు కూడా గాలికి బాగా తట్టుకుంటుంది. అలా కోస్తే కొంత రేకు వృథా అవుతుంది, ఆ ఖర్చు దండగ కాదని నా నమ్మకం.

తిరిగి వచ్చేటప్పుడు అదే కొట్టు దగ్గర ఆగాను. నిన్నటి ఆవిడ మందం రేకే ఖాయం చేసుకుందని కొట్టతను చెప్పాడు. చూరు వైపు, కొప్పు వైపు మందంది, మధ్యలో పలచటిది వేస్తే కుదరదా అని కొడుకు అడిగాడట. అలా కలిపితే పలచటిదాని కాలవ మందందాని మీద సరిగ్గా కూర్చోదని ఇతను వద్దన్నాడు. బదులుగా వంటపాక కప్పు వచ్చే ఏడాదికి వాయిదా వేసుకుని ఆ డబ్బు ఇందులో కలిపారు. బిల్లు మీద అడుగులతో పాటు మందమూ, రేకు బరువూ రాయించుకున్నారు.