గోదావరి వెంట మనుషుల భూగోళం

మానవ భూగోళశాస్త్రం కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు నిర్వచనాలు బట్టీపడతారు. జనసాంద్రత, నగరీకరణ, వలస... పరీక్ష రాసి బయటికొచ్చేసరికి సగం ఆవిరి. నన్నడిగితే, పుస్తకం కన్నా ముందు గోదావరి పటం పరుచుకోమంటాను. నది పుట్టే త్ర్యంబకం దాకా పోనక్కర్లేదు, తెలంగాణలో అడుగుపెట్టే కందకుర్తి నుంచి చాలు.

అక్కడ మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి. సంగమం కనుక జనం స్నానాలకు వస్తారు. రామగుండం దగ్గర లెక్క వేరు. థర్మల్ విద్యుత్ కేంద్రానికి బొగ్గూ కావాలి, నీళ్లూ కావాలి. సింగరేణి బొగ్గు నేల కింద ఉంది, నది పక్కనే ఉంది. గోదావరిఖనిలో పెద్దవాళ్లను మీదే ఊరని అడుగుతూ పోండి, పనికోసం జనం ఎక్కడెక్కడి నుంచి కదిలారో తెలుస్తుంది.

భద్రాచలం తెలంగాణలో ఉంది, ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో. 2014లో ఈ సరిహద్దు మారింది నది వల్ల కాదు, పోలవరం ప్రాజెక్టు ముంపు వల్ల. ఆ ముంపులో కోయలు, కొండరెడ్లు ఊళ్లు వదిలి పునరావాస కాలనీలకు చేరారు. ఇల్లు ఇచ్చారా అని అధికారులు లెక్క చూసుకుంటారు. వెదురు, చింతపండు, ఇప్పపువ్వు దొరికే అడవి ఇప్పుడు ఎంత దూరమన్నది భూగోళం చదివేవాడు అడగాలి.

ధవళేశ్వరం దగ్గర మాత్రం తీరిగ్గా ఆగాలి. 1830లలో ఇక్కడి గోదావరి డెల్టా కరువుతో అల్లాడింది. నది అప్పుడూ ఉంది, మట్టీ ఇదే. బ్రిటిష్ ఇంజినీరు ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయి, కాలువలు పారాకే వరి పరుచుకుంది. ప్రకృతి అవకాశాలే ఇస్తుంది, ఎంచుకునేది మనుషులు అన్నాడు ఫ్రెంచి భూగోళవేత్త విడాల్ ద లా బ్లాష్. ఆ మాటకు ఇంతకన్నా మంచి సాక్ష్యం మన దగ్గర లేదు. అయితే కాటన్ విగ్రహానికి దండ వేసి వచ్చేస్తే పాఠం సగంలోనే ఆగుతుంది. కాలువ పల్లానికే పారుతుంది, మెట్ట ఊళ్లకు ఎక్కదు. పల్లంలోనైనా భూమి ఉన్నవాడికి పంట, లేనివాడికి కూలి.

ఆ కూలి కూడా అందరికీ చాలలేదు. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవును 1839 తుపాను ఊడ్చేసింది, వ్యాపారం కాకినాడకు మళ్లింది. పని వెతుక్కుంటూ ఈ తీరం నుంచే వేలమంది బర్మాలోని రంగూన్‌కు ఓడెక్కారు. వరి పండే గడ్డమీద పుట్టి, అక్కడ బియ్యం మిల్లుల్లో మూటలు మోశారు. ఇప్పుడు గోదావరి పల్లెల ఆడవాళ్లు ఇళ్లపనికి గల్ఫ్‌కు వెళ్తున్నారు. కోనసీమలో కొబ్బరితోటల మధ్య కొత్త డాబా కనిపిస్తే, ఆ డబ్బు ఏ దేశం నుంచి వచ్చిందో, ఆ తోటలో ఆ ఇంటివాళ్లకు సెంటు భూమైనా ఉందో లేదో అడగండి. వలస అధ్యాయం ఆ తర్వాత తెరవొచ్చు.